రెండు లారీలు తక్కువ

ఖాదర్ గారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. నందిగామ యార్డులో ఎన్ని లారీలున్నా, మీరు రోజూ రెండు తగ్గించే రాసి పంపేవారు. జగ్గయ్యపేట ఆఫీసులో కూర్చుని, ఏ యార్డు ఎంత సిమెంటు మోయాలో తేల్చే కంప్యూటర్ లెక్క తయారుచేసినవాణ్ణి నేను. ఆ లెక్క మీ రెండు లారీలనూ పట్టేసింది. ఎందుకు దాచారని ఫోన్‌లో గద్దిస్తే, "డ్రైవర్లు వంతులేసుకుని పడుకోవాలి కదండీ" అన్నారు. నేను వినలేదు. ఆ రెండింటికీ లోడు వేశాను.

నాలుగో రోజు, కళ్లు మూతలు పడుతున్న డ్రైవర్ని దించేసి మీరే స్టీరింగ్ పట్టారట. ముక్త్యాల రోడ్డు మలుపు దాటలేదు. మీకూ రెండు రోజులుగా నిద్ర లేదని ఆ డ్రైవరే చెప్పాడు.

ఈ ఉదయం మీ యార్డు పంపిన సంఖ్యలోంచి నేనే రెండు తగ్గించి హెడ్డాఫీసుకి పంపాను. గంటలో ఆ లెక్కే పట్టేసి తిప్పి పంపింది: "రెండు లారీలు ఎందుకు ఖాళీ? కారణం నింపండి."

మీ మాటే రాశాను. తీసుకోలేదు. కారణం రాసే ఆ గడిలో అంకెలు తప్ప ఇంకేమీ పడవు.

అలా పెట్టింది నేనేనండీ.