బావగారిని పట్టించుకోని బోర్డు

బావగారికి నమస్కారాలు.

అక్కా మీరూ హాయిగా ఉన్నారనే అనుకుంటూ, ఆ హాయిని కాస్త చెడగొట్టే వస్తువొకటి ఈ పార్సెల్లో పంపుతున్నాను.

దూది మధ్యలో అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంటుంది. ఇన్నాళ్ళూ నేను తిండీ నిద్రా మానుకుని చేసింది అదే. నడిమధ్య జెర్రిలా బోలెడు కాళ్ళతో ఉన్న నల్ల బిళ్ళ దాని బుర్ర. మేము మైక్రోకంట్రోలర్ అంటాం. దాని చుట్టూ ఆవగింజల్లా అంటుకుని ఉన్నవి మురికి కాదు, అవీ భాగాలే, గోటితో గీకకండి. ఒక పక్క ప్లాస్టిక్ మూత కింద నాలుగు గుండ్రటి రాగి బిళ్ళలు, వాటి దిగువ ఒక పొడుగాటి రాగి పట్టీ ఉంటాయి. ఇంకో పక్క వరసగా చిన్న దీపాలు, ఒక బుల్లి బజరు. వెనకవైపు బ్యాటరీ సెల్లు పెట్టే గూడు. నొక్కే మీటలు లేవు. మూత మీద వేలు ఆనిస్తే చాలు, దీపం వెలిగి బజరు కూస్తుంది. పట్టీ మీద వేలు జరిపితే దీపాలూ వెంట జరుగుతాయి.

త్వరలో దీన్ని మా ఆఫీసు పెద్దాయన ముందు పెట్టాలి. ఆయన సరేనంటే పొయ్యిల మీదా, లిఫ్టుల్లోనూ నా బోర్డే ఉంటుంది. కాదంటే నన్ను మళ్ళీ పాడైపోయిన చార్జర్లు విప్పే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఆయన పెట్టిన షరతేమిటంటే, ఈ గొడవలేవీ తెలియని మనిషి ఒకరు దీన్ని ఇంట్లో వాడి, ఎలా ఉందో తన చేత్తో ఉత్తరం రాయాలి. ఫోనులో చెబితే చెల్లదట, ఫైల్లో కాగితం ఉండాలి. ఏమీ తెలియని మనిషి అనగానే నాకు మీరే గుర్తొచ్చారు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. మీరు రంగుల మేస్త్రీ అని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను, ఆ ఆకుపచ్చ బాగాలేదని దానికి ఇంకో కోటింగు వెయ్యకండి.

*

చిరంజీవి బావమరిదికి, ఏమీ తెలియని బావ ఆశీస్సులు.

నీ అభిమానానికి ఒళ్ళు పులకరించింది. పార్సెలు అందింది. ఆకుపచ్చ నిజంగానే బాగాలేదు.

నువ్వు రాసినట్టే చేశాం. సెల్లు పెట్టే పెత్తనం మీ అక్క తీసుకుంది. ఎవరి వంతు వస్తే వాళ్ళకి సెల్లు తీసి మళ్ళీ కొత్తగా పెడుతోంది, వంటింట్లో ఎవరి కంచం వాళ్ళకి కడిగి ఇచ్చినట్టు. తను వేలు పెట్టింది. బోర్డు ఒకసారి ఊరుకుంది గానీ రెండోసారి వెలిగింది. పక్కింటావిడ పెట్టింది, వెలిగింది. పాలు పోసే మనిషి పెట్టాడు, వెలగడమే కాదు, పట్టీ మీద వేలు జరిపి దీపాల్ని అటూ ఇటూ పరుగులు పెట్టించాడు. కుర్చీ కింద నిద్రపోతున్న పిల్లిని లేపి దాని కాలు ఆనించాం. పిల్లికీ వెలిగింది.

నాకు మాత్రం వెలగలేదు. బొటనవేలు, చూపుడువేలు, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అన్నీ అయ్యాయి. బజరు కిక్కురుమనలేదు. నీ బోర్డుకి నేను ఈ ఇంట్లో ఉన్నట్టే తెలియడం లేదు. నిజం రాయమన్నావు కాబట్టి రాశాను, ఫైల్లో పెట్టుకో.

ఇట్లు,
బావ

తా.క. తమ్ముడూ, కవరు అంటించమని నాకిచ్చారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు నావి. ఆయన మొన్న నిచ్చెన మీద ఉండగా తల తిరిగింది. కిటికీ చువ్వ చేతికి అందింది కాబట్టి సరిపోయింది. డాక్టరు దగ్గరికి పదండి అంటే రంగు వాసన వల్లే అంటారు. ఇన్నేళ్ళు లేనిది ఆ వాసనకి ఇప్పుడే తల తిరుగుతుందా? నా మాట చెవిన పెట్టరు. నీ బోర్డు సంగతి అటుంచి, నాకో దారి చెప్పు. అక్క.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తరవాత చెమట పట్టింది. పిల్లిని గుర్తుపట్టి మనిషిని గుర్తుపట్టని బోర్డుని ఏ మొహం పెట్టుకుని పెద్దాయనకి చూపించను?

అసలు సంగతి చెబుతాను. మన ఒంటికి విద్యుత్తుని కొద్దిగా పట్టి ఉంచుకునే గుణం ఉంది. వేలు దగ్గరికి రాగానే రాగి బిళ్ళ దగ్గర లెక్క రవ్వంత మారుతుంది. ఆ మార్పుని నల్ల బిళ్ళ కనిపెట్టి దీపం వెలిగిస్తుంది. అంతే తప్ప మీ మీద దానికి కోపమేమీ లేదు. నాకు తోచిందేమిటంటే, ఏళ్ళ తరబడి మీ వేళ్ళ మీద రంగు పొర కట్టి ఉంటుంది. కిరసనాయిలుతో బాగా రుద్ది కడుక్కుని మళ్ళీ చూడండి. ఇంకా పల్చటి మూత ఒకటి ఇందులో పెట్టాను, అది కూడా మార్చండి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. ఈ ముక్క అక్కకి. బావగారి చేత ఒక పని చేయించే దారి నాకు తెలిస్తే, నీ పెళ్ళినాడు నాకు ఆయన ఇస్తానన్న సైకిలు ఇప్పటికి నా దగ్గర ఉండేది.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

కిరసనాయిలుతో రుద్దుకున్నాను. రంగు పోయింది, దాంతోపాటు చర్మమూ పోయింది. ఆ రోజంతా మీ అక్క నన్ను పొయ్యి దరిదాపులకి రానివ్వలేదు, అంటుకుంటానని. మూత కూడా మార్చాం. ఫలితం సున్నా.

మనిషి ఊరికే కూర్చోలేడు కదా, నాకు కుతూహలం పుట్టింది. ఇంట్లో ఉన్న సామానంతా ఒక్కొక్కటే తెచ్చి దాని మీద పెట్టి చూశాను. ఎండు చెక్కకి వెలగలేదు. ప్లాస్టిక్ దువ్వెనకి వెలగలేదు. నీళ్ళు నిండిన స్టీలు గ్లాసుకి వెలిగింది. తడిగుడ్డకి వెలిగింది. చివరికి మీ అక్క చేతిలో దోసకాయ ఉంటే అదీ పెట్టమన్నాను. దోసకాయకి వెలిగింది, కూసింది కూడా. ఇన్నేళ్ళు ఇంతమంది ఇళ్ళకి రంగులు వేసి పెద్దమనిషి అనిపించుకున్నవాడిని, దోసకాయ పాటి చెయ్యలేకపోయాను.

నువ్వు రాసిన ఆ విద్యుత్తు గుణం గురించే ఆలోచిస్తున్నాను. అది మనిషిలో పుట్టుకతో ఉంటుందా, మధ్యలో అయిపోతుందా? అయిపోతే మళ్ళీ నింపుకోవచ్చా? దాచకుండా రాయి.

ఇట్లు,
బావ

తా.క. తమ్ముడూ, రాత్రి అన్నం దగ్గర దోసకాయ ముక్కలు పెడితే కంచం నెట్టేశారు. అదేం చేసిందండీ అంటే, దాన్నే అడుగు అన్నారు. నిచ్చెన మాత్రం ఎక్కుతూనే ఉన్నారు. నువ్వు ఏం రాసినా గట్టిగా రాయి, ఆయన నీ ఉత్తరాలు రెండేసిసార్లు చదువుతున్నారు. అక్క.

*

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ నా తల ప్రాణం తోకకొచ్చింది. మీ కోసం నల్ల బిళ్ళ మార్చాను. రాగి బిళ్ళలు పెద్దవి చేశాను. చుట్టూ ఆవగింజలన్నీ పీకి కొత్తవి అతికించాను. సోల్డరింగు పొగకి కళ్ళు మండి ఆఫీసులో అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు, అదీ పూర్తిగా అబద్ధం కాదు. కొత్త బోర్డు పంపుతున్నాను. దీనికి దోమ వాలినా తెలుస్తుంది.

మీరు అనవసరంగా బెంగ పెట్టుకోకండి. ఆ గుణం అయిపోయేదీ నింపుకునేదీ కాదు. బతికి ఉన్న ప్రతి మనిషిలోనూ ఉంటుంది.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. దోసకాయలో నీళ్ళున్నాయి కాబట్టి వెలిగింది. దాన్ని మనసులో పెట్టుకోకండి.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

కొత్త బోర్డు వచ్చింది. దోమకి వెలుగుతుందో లేదో గానీ నాకు వెలగలేదు. మీ అక్క సెల్లు పెడుతుంటే బోర్డు జారకుండా అరచేత్తో అదిమి పట్టుకుని, తరవాత ఒక్కొక్క వేలే ఆనించి చూశాను. ఏమీ లేదు.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. బతికి ఉన్న ప్రతి మనిషిలోనూ ఉంటుందన్నావు. నా సంగతి సూటిగా రాయడానికి నీకు మొహమాటం అడ్డొచ్చిందని అర్థమైంది. చదువుకున్నవాడివి, నొప్పించకుండా చెప్పావు.

అందుకని వెడల్పాటి కుంచెలు నా దగ్గర పనిచేసే పెద్ద కుర్రాడికి ఇచ్చేశాను. సన్నవి మీ అక్క వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసుకోవడానికి ఉంచాను. తరవాత చొక్కా తొడుక్కుని, పద, ఆ డాక్టరెవరో చూద్దాం అన్నాను. మీ అక్క అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నాలో కరెంటు ఎంత ఉందో చూడమని డాక్టరుని అడిగాను. ఆయన నా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. మొహం చిట్లించి మళ్ళీ కొట్టాడు. యంత్రం మీద అనుమానం వచ్చి పక్క గదిలోంచి ఇంకోటి తెప్పించి మూడోసారి కొట్టాడు. రక్తపోటు ఉండకూడనంత ఉందట. ఇంత పెట్టుకుని నిచ్చెనలెక్కుతున్నావా అని నన్ను చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిట్టాడు. పొద్దున్నే ఒక మాత్ర, ఉప్పు తగ్గింపు, నిచ్చెన బందు. నీ బోర్డుకి ఉన్నానని తెలియలేదు గానీ, ఆ పట్టీకి మాత్రం మరీ ఎక్కువగా తెలిసిపోయాను.

ఇట్లు,
బావ

తా.క. తమ్ముడూ, డాక్టరు గదిలో నేను ఏడ్చాను. ఈయన బోర్డు వెలగనందుకు ఏడుస్తున్నాననుకుని నన్ను ఓదార్చారు. మాత్ర మొదలెట్టాక నీ బోర్డు ఆయనకి వెలుగుతోంది. కొంచెమే, ఒక దీపం. అక్క.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఆరోగ్యం సంగతి చదివి గుండె ఆగినంత పనైంది. మాత్ర మానకండి.

ఇక రెండో సంగతి. మాత్రకీ వేలికీ సంబంధం ఏమిటో నాకు అంతుపట్టలేదు. అటు దాచలేక, ఇటు చెప్పలేక చివరికి మీ ఉత్తరాలన్నీ పెద్దాయన బల్ల మీద పెట్టేశాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి మనిషి గురించి వినలేదన్నాడు. నా బోర్డు తీర్పు ఆపేశాడు. మీటర్లూ తీగలూ సర్దుకుని స్వయంగా మిమ్మల్ని పరీక్షించడానికి ఆదివారం మీ ఇంటికి వస్తున్నాడు. మీ మీద ఒక వ్యాసం కూడా రాస్తాడట. నా ఉద్యోగం ఇప్పుడు మీ వేలి చివర ఉంది.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. వ్యాసంలో వెయ్యడానికి ఆయన మీ ఫోటో అడిగాడు, దోసకాయతో.

*

తమ్ముడికి అక్క రాయునది.

మీ పెద్దాయన్ని ఆపు. కాళ్ళు పట్టుకుంటావో, కడుపునొప్పి అంటావో నీ ఇష్టం. తప్పంతా నాది.

మొదటిరోజు ఆ సెల్లు గూడు బిగుతుగా ఉంది. బోర్డు జారకుండా అదిమి పట్టుకోండి అని మీ బావకి చెప్పి సెల్లు పెట్టాను. ఆయనకి వెలగలేదు. నా వంతుకి నేనూ అలాగే చెయ్యి వేసి పెట్టుకున్నాను, నాకూ వెలగలేదు. చెయ్యి తీసి మళ్ళీ సెల్లు పెడితే వెలిగింది. నీలాగా నాకు లెక్కలు రావు గానీ ఈ మాత్రం తెలిసింది. సెల్లు పడి నిద్ర లేచేటప్పుడు తన మీద ఏ చెయ్యి ఉంటే, ఆ చెయ్యి ఎప్పుడూ ఉండేదే అనుకుంటుంది నీ బోర్డు. ఇక దాన్ని పట్టించుకోదు.

అప్పుడే చెప్పేదాన్ని. కాని పిల్లికి వెలిగి తనకి వెలగనప్పుడు ఆయన మొహంలో భయం చూశాను. నిచ్చెన మీంచి జారబోయిన రోజు కూడా ఆ భయం లేదు. నేను చెబితే వినని మనిషి దీని మాట వింటారేమో అనిపించింది. అప్పటినించీ ఆయన వంతు వచ్చినప్పుడల్లా అదిమి పట్టుకోండి అంటూ వచ్చాను. నువ్వు నల్ల బిళ్ళ మార్చావు, మూత మార్చావు, ఆవగింజలు మార్చావు. సెల్లు ఎవరు పెడుతున్నారు, అప్పుడు చేతులెక్కడున్నాయి అని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు సెల్లు పెట్టేటప్పుడు ఆయన చెయ్యి నా చేత్తో పక్కకి పట్టుకుంటున్నాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. మాత్ర గుణం అనుకుంటున్నారు. పొద్దున్నే మాత్ర వేసుకుని నేరుగా బోర్డు దగ్గరికే వస్తారు. నిజం తెలిస్తే మాత్ర కిటికీలోంచి విసిరేసి నిచ్చెన భుజానికెత్తుకుంటారు. నీ ఉద్యోగం కోసం మీ ఆఫీసులో నిజం చెప్పుకో, ఆయనతో మాత్రం చెప్పకు. నాకు ఆ మనిషి కావాలిరా.

అక్క

తా.క. బావమరిదీ, కవరు అంటించే పని ఈసారి నాకిచ్చింది. చదవకుండా అంటించడానికి నేనేమన్నా పోస్టుమాస్టరునా?

నీకు మొదటి ఉత్తరం రాసిన మర్నాడే, మీ అక్క నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు, సెల్లు నేనే పెట్టుకున్నాను. అన్ని దీపాలూ వెలిగాయి. బజరు కూతకి తను వస్తుందేమోనని చొక్కాలో చుట్టేశాను. తను ఎందుకలా చేస్తోందో అర్థం కావడానికి ఆ రోజంతా పట్టింది. డాక్టరు దగ్గరికి రానని అన్నిసార్లు అన్నాక, వస్తానని ఎలా అనడం? నాకూ భయంగానే ఉంది. నెపం బోర్డు మీద పెట్టి వెళ్ళాను. నీ అవస్థ చూసి నిజం రాసేద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను. రాస్తే మీ అక్కకి తెలిసిపోతుంది.

నీ బోర్డు లక్షణంగా ఉంది, పెద్దాయనకి ఈ కాగితమే చూపించు. ఏమీ తెలియని మనిషి రాశాడని చెప్పు. మీ అక్కతో మాత్రం ఎప్పుడూ అనకు. పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని, దీపం వెలిగేదాకా వదలకుండా కూర్చుంటుంది. నేనూ ఆ రాగి పట్టీ మీద వేలు నెమ్మదిగానే జరుపుతున్నాను.

సెల్లు అయిపోవస్తోంది. రెండు మూడు పంపు.