మూడో బోరు నీళ్ళు

జూన్ 3

గబ్బూరు దారిలో డీజిల్ ట్యాంకర్ బోల్తా పడిన చోటు. ఇప్పుడు చూస్తే ఏమీ జరగనట్టే ఉంది. నేల అంతా తాగేసింది. అక్కడి నుంచి నాగమ్మవ్వ బావి దాకా వరసగా మూడు బోర్లు వేశాం, డీజిల్ లోపల ఎంత దూరం పోయిందో చూడడానికి. ఆ వాడకట్టంతా తాగేది ఆ బావి నీళ్ళే.

మొదటి బోరులో గాజు గొట్టం దించి తీస్తే — కింద నీళ్ళు, పైన డీజిల్, మధ్యలో గీత గీసినట్టు. రెండో దాంట్లో వాసన మాత్రమే. బావికి దగ్గరున్న మూడోది శుభ్రం. హమ్మయ్య.

జూన్ 4

రాయి, రాయి అంటాం గానీ... ఆ రాయిలో వెంట్రుకంత పగుళ్ళు, వాటిలో నీళ్ళ నడక. ఇన్నేళ్ళుగా నీటిమట్టం కొలుస్తున్నా, బోరులోకి దించిన టేపు నీళ్ళను తాకి కూత పెట్టగానే ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరూ చూడని చోట అంత నీరు, తన మానాన తాను పోతూ ఉంటుంది.

జూన్ 10

అవ్వ బావిలో రంగురంగుల తెట్టు! మూడో బోరు మాత్రం శుభ్రమే. దాన్ని ముట్టకుండా డీజిల్ బావిలోకి ఎలా దూకింది? ఆఫీసులో సార్ రాతి పగుళ్ళ బొమ్మ గీసి చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను.

తీరా చూస్తే... ట్యాంకర్ పడ్డనాడు ఊరంతా బిందెలు పట్టుకుని డీజిల్ కోసం పరిగెత్తారట. అవ్వ కూడా. "బూడిదేసి మంచిగ తోమిన బిడ్డా... గదే బిందె బాయిల ముంచిన" అంది, తల ఎత్తకుండా. నవ్వొచ్చింది, కోపమొచ్చింది. ఎక్కువ కోపమే. అయినా భూమిలోంచి రాలేదు కదా. బావి బతికినట్టే. తెట్టు పైపైన తీయించాలి. అప్పటిదాకా తాగొద్దని చెప్పి వచ్చాను.

జూన్ 13

వెళ్ళేసరికి బావి ఖాళీ. మైలపడ్డ బావిని తోడి కడగడం వాళ్ళ ఆచారం, కుక్క పడినా ఇంతేనట. పొద్దుటి నుంచి మోటార్లు పెట్టి తోడారు. అడుగున పసుపు చల్లారు, కొబ్బరికాయ కొట్టారు. అవ్వ ముఖం వెలిగిపోతోంది.

తిట్టబోయి ఆగాను, లోపలికి చూశాను గనుక. రాతిగోడ పగులులోంచి కొత్త నీరు, వేలంత ధార, చప్పుడు లేకుండా. మెట్లు దిగి అరచెయ్యి పెట్టాను. చల్లగా. ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

ఆ ధార వచ్చేది ట్యాంకర్ పడ్డ రోడ్డు వైపు నుంచి.

పైకొచ్చి మూడో బోరులో టేపు వేశాను. నీళ్ళు బాగా కిందికి దిగిపోయి ఉన్నాయి. ఇక్కడ తోడితే అక్కడ దిగింది. రెండూ ఒకటే నీరు! ఎంత అద్భుతం... ఎంత భయం. బావి ఖాళీ అయితే చుట్టుపక్కల నీరంతా బావిలోకే నడుస్తుంది. డీజిల్ కూడా దాని వెంటే.

జూన్ 14

బావి నిండుతోందని అవ్వ ఫోను. సంబరంగా.

జూన్ 18

మూడో బోరు. సీసా నింపగానే డీజిల్ వాసన. పారబోసి మళ్ళీ తీశాను. మళ్ళీ అదే.

అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్ళింది. నిండా నీళ్ళు. అడుగు రాళ్ళు కనబడేంత తేట. తెట్టు లేదు, వాసన లేదు. ఇంత అందమైన నీటిని నేను చూడలేదు.

"గంత కష్టపడి కడిగినం గద. ఇంగ తాగొచ్చా బిడ్డా?"

వద్దన్నాను. ఎందుకని అడిగింది.

తోడినందుకే అని ఆ ముఖం చూసి ఎలా చెప్పను...