తల ఊపితే మాట ఇచ్చినట్టే

బర్రాకాస్ పేట, బ్యూనస్ ఐరిస్
సోమవారం

గోడ అవతలి టాంగో మందిరం పెద్ద దోన్ ఒస్వాల్దో ఫెర్రాంతే గారికి, గోడ ఇవతలి ప్రార్థన గదిలో వాక్యం చెప్పే నసరేనో కిరోగా ప్రభువు పేరిట వందనాలు చెప్పి హెచ్చరించేది:

అయ్యా, నాకు పట్టా లేదు, పాదిరి అంగీ లేదు. పగలు ట్రాము షెడ్డులో చక్రాలకు కందెన వేస్తాను, సాయంత్రం బైబిలు చేతబడతాను. ప్రతి శనివారం నేను నరకాగ్ని గురించి చెబుతుంటే మీ రికార్డుల్లోని బందోనియోన్ తిత్తుల వాద్యం గోడలోంచి మూలుగుతుంది. నా సభలో ముసలివాళ్ల పాదాలు బెంచీల కింద తాళం వేస్తున్నాయి. ఆ పాపపు సొదొమ పట్నం ఏమిటో కళ్లారా చూద్దామని మొన్న వచ్చి మీ గుమ్మంలో నిలబడ్డాను.

అబద్ధ సాక్ష్యం పలకకూడదు గనుక ఉన్నదే రాస్తున్నాను. తోపులాట లేదు, అరుపుల్లేవు. జంటలన్నీ ఒకే దిక్కున, ఒకరి మడమ ఒకరు తొక్కకుండా తిరుగుతున్నాయి. ఎర్రసముద్రం దాటిన ఇశ్రాయేలీయులు కూడా ఇంత వరసగా నడిచి ఉండరు. పాట అయ్యాక ప్రతి మగవాడూ తన జంటను ఆమె కుర్చీదాకా దిగబెట్టి వచ్చాడు. సాతాను మీకు క్రమశిక్షణ బాగా నేర్పాడు. అయినా సాతాను సాతానే! శనివారాలు మందిరం మూయండి.

ఇట్లు మీ ఆత్మ కోసం మోకాళ్లు అరగదీసుకునే,
నసరేనో

తా.క. ఒక్కరినైనా రక్షిద్దామని, మూడో బల్ల దగ్గర నీలం గౌనులో ఉన్న పెద్దావిడను ఎంచుకుని, రెప్ప వేయకుండా చూస్తూ, తల ఊపుతూ మనసులో ప్రార్థించాను. ఆవిడ లేచి ఆడేచోటి అంచుకు వచ్చి, నా వైపే చూస్తూ నిలబడిపోయింది. ఒంట్లో బాగాలేదా?

*

బుధవారం

నసరేనో గారికి ఒస్వాల్దో ఫెర్రాంతే నమస్కరించి, కాస్త కోపంగానే రాసేది. ఇక్కడ ఒక్కరు తప్ప అందరం క్షేమం.

ఆ ఒక్కరూ మీరడిగిన దోన్యా క్లోతిల్దే. ఆవిడకు జబ్బేం లేదు. మా దగ్గర మగవాడు ఆడమనిషిని ఆటకు నోటితో పిలవడు. దూరంనుంచి చూస్తాడు. ఆమె కూడా చూస్తే తల ఊపుతాడు. ఆమె కూడా ఊపిందా, మాట కుదిరినట్టే. మీరు చూశారు, ఊపారు. ఆవిడా ఊపి లేచింది. మీరేమో నాలుగు పాటల వరస అయ్యేదాకా గుమ్మంలో గుంజలా నిలబడి, వెళ్లిపోయారు.

భర్త పోయాక ఇన్నాళ్లకు బీరువాలోంచి తీసిన గౌను అది. "చూశావా ఒస్వాల్దో, పేట పేటంతా చూస్తుండగా నన్ను నిలబెట్టి పోయాడు" అంది. మాట ఇచ్చినవాడు తీర్చేదాకా ఇక్కడ మరో మగవాడు ఆవిడ వైపు చూడడు. ఒకరి మాటలో మరొకరు వేలు పెట్టకూడదు మరి. అంటే మీరు వచ్చేదాకా ఆవిడ ఆట ఆగిపోయినట్టే. దయచేసి వచ్చి ఒక వరస ఆడి పొండి.

మీ పొరుగు,
ఒస్వాల్దో

తా.క. మీరు ఊపింది ఒక్కరికే అనుకోకండి. మా ఆవిడ కూడా సగం లేచింది. భుజం పట్టి కూర్చోబెట్టాను.

*

గురువారం

పొరుగువాడైన ఒస్వాల్దో గారికి, ఇరకాటంలో పడ్డ నసరేనో వందనాలు.

హేరోదు రాజు ఆట చూసి నోరు జారాడు, ఒక ప్రవక్త తల పళ్లెంలోకి వచ్చింది. నేను ఆట చూసి తల ఊపాను, ఇప్పుడు నా తలే పళ్లెంలో పెట్టమంటున్నారు. ఆడను! ప్రార్థనలో ఊగిన మెడ ప్రమాణం కాదు. కానీ విధవరాలి మనసు నొప్పించినవాణ్ణి దేవుడు వదలడని కూడా రాసి ఉంది. శనివారం వచ్చి, మగవాడిలా, ముఖాముఖి క్షమాపణ అడుగుతాను.

సత్యానికి బద్ధుడు,
నసరేనో

తా.క. చిలగడదుంప మిఠాయి రెండు డబ్బాలు తెస్తాను. ఒకటి ఆవిడకు, ఒకటి మీ ఆవిడకు. ఇంకెవరైనా సగం లేచి ఉంటే ముందే చెప్పండి.

*

ఆదివారం

నసరేనో గారికి నమస్కారం. కుశల ప్రశ్నలు ఇంకోసారి. ఎంత పని చేశారండీ!

ఆడుతున్న జంటల మధ్యనుంచి అడ్డంగా, అదీ ఎదురు దిక్కున నడిచి వచ్చారు. ఆవిడ బల్ల మీదికి వంగి, మీ ప్రసంగం గొంతుతో "సోదరీ, నన్ను క్షమించు!" అని గర్జించారు. రికార్డు వేసే మనిషి భయపడి పాట ఆపేశాడు. ఆవిడ తల దించుకుని "సరే" అంది.

బల్ల దగ్గరకు వెళ్లి అడిగేవాణ్ణి మేం మొరటువాడంటాం. దూరంనుంచి చూస్తే, ఇష్టం లేని ఆడమనిషి చూపు తిప్పుకుంటే చాలు. ఆమె కాదన్నట్టు ఎవరికీ తెలియదు, వాడు కాదనిపించుకున్నట్టూ తెలియదు. మా తాతల నాటినుంచి ఎంతమందిని కాదన్నారో, ఒక్కడి పరువూ పోలేదు. మీరు నెత్తిన నిలబడి అడిగితే ఆవిడ "సరే" అనక ఏం చేస్తుంది? అది క్షమాపణ కాదు నాయనా, జప్తు.

తల పట్టుకుని కూర్చున్న,
ఒస్వాల్దో

తా.క. మిఠాయి బాగుంది. మా ఆవిడ మిమ్మల్ని పూర్తిగా క్షమించింది. ఇంకో డబ్బా ఉంటే మళ్లీ నొచ్చుకుంటానంటోంది.

*

మంగళవారం

గౌరవనీయులు ఒస్వాల్దో గారికి, మెడ వంచిన నసరేనో వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను వేదిక మీదనుంచి వేలు చూపించి "నువ్వు, ఆ చివరి తాగుబోతూ, లే!" అని పిలుస్తాను. అలా లేచినవాళ్లలో సగంమంది మళ్లీ రాలేదు. ప్రభువైతే తలుపు దగ్గర నిలబడి తడతాడు, తోసుకు రాడు. పిలవబడ్డవాడికి కాదనే దారి ఉంచడమే మర్యాద అని నాకు ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు, ఒక టాంగో మందిరం చెప్పింది!

తప్పిపోయిన కుమారుడి కథలో, లోపల వాద్యాలూ నాట్యమూ విని పెద్దకొడుకు మూతి ముడుచుకుని బయటే నిలబడ్డాడు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో! ఆ బయట నిలబడ్డ మనిషి టోపీ, నా టోపీ ఒకటేనని ఇప్పుడు తెలిసింది. నష్టమొచ్చినా మాట తప్పనివాడే దేవుని కొండ ఎక్కుతాడని కీర్తనకారుడు అన్నాడు. శనివారం వస్తాను. బల్ల దగ్గరికి కాదు, గుమ్మందాకా. అక్కడినుంచి చూస్తాను.

మీ విద్యార్థి,
నసరేనో

తా.క. షెడ్డులో చీపురుతో సాధన చేస్తున్నాను. చీపురు ఇప్పటిదాకా ఫిర్యాదు చేయలేదు.

*

ఆదివారం

నసరేనో గారికి నమస్కారం. మీ నీతికి మెచ్చుకోవాలో, మీ తొందరకు ఏడవాలో తెలియక రాస్తున్నాను.

వచ్చారు, చక్కగా నిలబడ్డారు, కానీ రికార్డు పెట్టకముందే చూశారే! పాట వినకుండా ఏ ఆడమనిషీ మాట ఇవ్వదు. ఆవిడకు మోకాలు నొప్పి, గంతుల పాటలు పడవు. అందుకే విసనకర్ర వైపు చూపు తిప్పింది. "కాస్త ఆగు" అని దానర్థం. మీరేమో సొదొమ విడిచిన లోతులా వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయారు. మరుక్షణమే మెల్లని వాల్ట్జ్ పాట మొదలైంది. ఆవిడ కళ్లెత్తింది. గుమ్మం ఖాళీ.

ఇదంతా ఆవిడే చెప్పింది. "రెండుసార్లు చాలు ఒస్వాల్దో, ఇక రాను" అని కూడా చెప్పింది. గౌను బీరువాలో పెట్టేసింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదు.

విచారంతో,
ఒస్వాల్దో

తా.క. మీ షెడ్డువాళ్లు మాతే కషాయం తాగుతూ చెప్పుకుంటున్నారు: చీపురు బాగానే ఆడిందట, మీరే వెనకబడ్డారట.

*

తర్వాతి ఆదివారం, కూటం ముగిసిన వెంటనే

ప్రియ మిత్రుడు ఒస్వాల్దోకు, బైబిలు ఇంకా మూయని నసరేనో రాసేది.

ఇవాళ దావీదు గురించి చెబుతున్నాను. మందసం ముందు రాజు నాట్యమాడితే, కిటికీలోంచి చూసి ఈసడించుకున్న అతని భార్య మీకాలు గురించి చెబుతున్నాను. సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది. నీలం గౌను! చివరి బెంచీలో కూర్చుంది. బైబిలు తెరవలేదు. నా వైపు చూసింది.

నేను వేలు చూపించలేదు. పేరు పెట్టి పిలవలేదు. కీర్తన మొదలయ్యేదాకా ఆగాను. మెల్లని పాటే, మోకాలికి పడేదే. అప్పుడు చూశాను. ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఈసారి ప్రార్థన చేయడం లేదు ఒస్వాల్దో, ఏం చేస్తున్నానో నాకు పూర్తిగా తెలుసు. తల ఊపాను.

ఆవిడా ఊపింది.

సభ అంతా నేను దావీదును సమర్థిస్తున్నాననుకుని ఒక్క గొంతుతో "ఆమేన్!" అంది. ఒక్కరికీ ఏమీ తెలియదు. మీ వాళ్లు ఎంత గొప్పవాళ్లు!

శనివారం కలుద్దాం,
నసరేనో

తా.క. శనివారం కూటాన్ని సాయంత్రంనుంచి మధ్యాహ్నానికి మార్చాను. ఎందుకని అడిగినవాళ్లను ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం చదువుకోమన్నాను. వాళ్లింకా మొదటి వచనం దగ్గరే ఉన్నారు, 'నాట్యమాడుటకు సమయము కలదు' అనే నాలుగో వచనానికి రావడానికి టైము పడుతుంది.