వత్తి పరీక్ష

అన్నయ్యకు,

సేనాపతివని కాదు, తోడబుట్టినవాడివని రాస్తున్నాను. నిప్పు పుట్టించే వరం ఉందని నీ దండులోకి పంపిన నా పెద్దకూతురు నెలరోజులుగా ఒక్క మంటా రప్పించలేకపోయిందట. "చలికి చేతులు మొద్దుబారాయి కాబోలు అమ్మా. వచ్చే దాడిలో మామయ్య నన్ను ముందు వరసలో నిలబెడతాడట, శత్రువు ఎదురైతే అదే వస్తుందట" అని రాసింది.

నిలబెట్టకు అన్నయ్యా.

పరీక్ష రోజు మా సావిట్లో పేరున్న వంశాల ఆడవాళ్ళంతా కూర్చున్నారు. వాళ్ళ పిల్లలు అరచెయ్యి చాపగానే దీపాలు వెలిగాయి. మనదాని వత్తి వెలగలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. జడ సర్దుతున్నట్టు దాని వెనక నిలబడి నేనే వెలిగించాను.

నాకూ వరం ఉందని తెలిస్తే దండుకి పంపాల్సొస్తుందని, నా పరీక్ష నాడు జ్వరమని చెప్పి నాన్న నన్ను దాచేశాడు. అప్పుడు నువ్వూ ఆ గుట్టు దాచావు. కాబట్టి ఇది నీకొక్కడికే చెప్పగలను.

ఆ వెలుగు చూసుకుని అది ఎంత మురిసిపోయిందో. దానికి నిజం చెప్పకు. చలి పడలేదని చెప్పి ఇంటికి పంపించు.

నీ కాపలావాడు లోపలికి వదలక, చీటీ రాసిమ్మంటే గుడారం బయటే కూర్చుని రాస్తున్నాను. దాని చోట నిలబడడానికి నేను వచ్చాను.

నీ చెల్లెలు