ఎండకు పెట్టిన సీసాలు

సాలూరు,
అక్టోబరు 1969

గురువుగారికి నమస్కారాలు.

వారం రోజుల ముసురు తర్వాత ఈరోజు ఎండ కాసింది. పొద్దున్నే వెళ్లి కొండ దిగువన కట్టిన అరటిపండు ఎరలు చూసి వచ్చాను. మామూలు పండ్ల ఈగలే పడ్డాయి.

పైలోయలో దొరికిన కొత్త రకం ఈగల్లో అన్నీ ఆడవే. మగ ఈగను చూసి వర్ణించనిదే కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరని మీరే చెప్పారు. వాటి పిల్లలు నా గదిలోని సీసాల్లో ప్యూపా దశకు వచ్చాయి. వాటిలో మగవి కూడా రేపోమాపో రెక్కలతో బయటపడవలసినవి. నేను తిరిగి వచ్చేసరికి ఇంటివారు తాయారుగారు ఆ సీసాలన్నీ ఊరగాయ జాడీల పక్కన ఎండలో పెట్టి ఉంచారు. చల్లని కొండ ఈగలు ఆ వేడికి ఆగవు.

"బూజట్టీసి పురుగులు పడిపోనాయి బాబూ. ఎండకెట్టీసినాను. ఇంకేటీ బతకవులే," అన్నారు.

ఒక్క ప్యూపా మిగల్లేదు. నా పరిశోధన గడువు నెలాఖరుతో సరి. మరో రెండు నెలలు ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటాను. అప్పలసూరిని తీసుకుని రేపే కొండెక్కుతాను. ఆ లోయ దారి అతనొక్కడికే తెలుసు.

మీ విద్యార్థి

ఉత్తరం మడవబోతుండగా తెలిసింది. కొండల్లో నక్సలైట్ల గొడవలకు భయపడి అప్పలసూరి పెళ్లాంపిల్లలతో ఈ తెల్లవారుజామున రాయపూర్ లారీ ఎక్కి వెళ్లిపోయాడు.