బాషా వినని ఓడ

ఆదివారం, డోన్

మధ్యాహ్నం బాషా వచ్చాడు. బేతంచెర్లలో రాళ్లు కోసే మిషన్ మీద పనికి చేరాక వాడు మా ఇంటికి రావడమే తగ్గిపోయింది. మళ్లీ ఇద్దరం కంప్యూటర్లో మా పాత జలాంతర్గామి ఆట పెట్టుకున్నాం. నీళ్ల కింద ఏమీ కనబడదు. దూరపు ఓడ చప్పుడు విని, అదెటు పోతోందో లెక్కగట్టి ఎదురెళ్లాలి. వినడం ఎప్పుడూ బాషా పని, మ్యాపు మీద గీతలు గీయడం నాది.

వాడు హెడ్‌ఫోన్ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"యాడా ఏం లేదప్పా. సముద్రమంతా ఖాళీగా ఉండాది."

తీసి నా చెవులకు పెట్టుకుంటే ఓడ చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"ఇంత బాగా వస్తాంటే వినపడలేదా? చెవుడొచ్చిందా ఏంది?" అని నవ్వాను.

బాషా నవ్వలేదు. "మిషన్ కాడ చేరినప్పట్నుంచి సన్న చప్పుళ్లు వినపడ్డంల్యా. ఇంట్లో గూడా చెప్పలా" అన్నాడు.

ఆ తర్వాత ఓడను పట్టుకుని ముంచాం. ఇద్దరికీ సంబరం లేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వాడు బండి ఎక్కి కదిలాక, రేపు డాక్టర్‌కు చూపించుకుందాం, నేనూ వస్తానని వెనక నుంచి కేకేశాను. తిరిగి చూడకుండానే వెళ్లిపోయాడు. నా మీద కోపమో, వినపడనే లేదో...