నువ్వు ఎంచిన రోజ్ గోల్డ్ వాచీ

సుగుణా,

ఎట్లా ఉన్నావని నిన్ను అడగొచ్చో లేదో తెలియదు... అయినా అడుగుతున్నాను. నువ్వు పోయి ఐదు నెలల పదకొండు రోజులైంది. ఎల్బీనగర్‌లో అదే కిరాయి ఇంట్లో ఉన్నాం. నీ కుట్టుమిషన్‌ను కిటికీ దగ్గరి నుంచి కదపలేదు.

మన మాధవి వాచీ కొనుక్కుని ఇరవై రోజులైంది. ఎట్లా కొన్నామో రాయాలని రోజూ అనుకుంటున్నాను. కానీ అది నీకు కొత్తగా చెప్పాల్సిన సంగతేనా? నువ్వు అక్కడ లేవా?

ముందు ఆ రోజు గురించి రాయాలి. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను.

తెలంగాణ కోసం సమ్మెలో మా బస్సు డిపో కూడా దిగిన రోజులవి. పొద్దున్నే నువ్వే టిఫిన్ కట్టిచ్చావు. 'పో, అందరి కోసమే గదా' అన్నావు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద బైఠాయించాం. డప్పులు, పాటలు... నేనూ గొంతు కలిపాను. అంబులెన్సు కనబడితే లేచి దారి ఇచ్చేవాళ్ళం. నువ్వు వచ్చింది ఆటోలో. తల పగిలిపోతోందంటూ కూలబడితే, పక్కింటివాళ్ళ సాయంతో మాధవి నిన్ను ఎక్కించింది. వెనకెక్కడో బండ్ల మధ్య మీ ఆటో ఇరుక్కుపోయింది. మాధవి దిగి అరుస్తూ పరుగెత్తుకొచ్చిందట. డప్పుల మోతలో ఎవరికీ వినపడలేదు. దవాఖానకు చేరేసరికి...

నాకు సాయంత్రం తెలిసింది. అప్పుడు మాధవి నాతో ఒక్క మాటే అన్నది. "గా రోడ్డు మీద కూసున్నది నువ్వే గదా."

ఆ తర్వాత నన్ను నాయినా అని పిలవలేదు. అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, కరెంటు పోతే దీపం తెచ్చిపెట్టింది. పిలుపు మాత్రం లేదు.

నువ్వున్నప్పుడే తనకు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం ఖాయమైంది కదా. చేరమన్న కబురు పోయిన నెల వచ్చింది. యూనిఫాం వేసుకుని, చేతికి మంచి వాచీ పెట్టుకోవాలి. నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే డాక్టరమ్మ చేతికి లేత గులాబీ ఛాయ రోజ్ గోల్డ్ వాచీ చూసి ఎంత మురిసిపోయావు! 'పచ్చ బంగారం మన చేతి మీద అరుస్తది. ఇది మెల్లగ మాట్లాడుతది' అన్నావు. బిడ్డకు వాచీ నేనే ఎంచుతానన్నావు. నాకేం తెలుసు సుగుణా... బస్సు ఇంజన్లు తప్ప?

వాచీ కొన్న రోజు బంద్ పిలుపు ఉండె. పొద్దున బస్సులు తిరిగాయి. మాధవి చెప్పులు వేసుకుంటుంటే నేనూ వెంట బయల్దేరాను. వద్దనలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి సగం దుకాణాలు మూసేశారు. ఒక వాచీల షాపు షటర్ సగం దించి ఉంది. వంగి లోపలికి పోయాం. గిరాకీ ఎవరూ లేరు. నలభై ఏళ్ళ ఆవిడ ఒక్కతే కౌంటర్ దగ్గర ఉంది. మాట తీరు చూస్తే కోస్తా వైపు మనిషి.

ఆవిడ మూడు స్టూళ్ళు జరిపింది. మా వెనక ఇంకెవరో వచ్చారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. మూడు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. నడిమి స్టూలు వైపు చూసి, "అమ్మగారు ఎండనపడి వచ్చినట్టున్నారు. ముందు మంచినీళ్ళు తాగండి" అంది.

నడిమి స్టూలు ఖాళీగా ఉంది.

ఆవిడకు చూపు సరిగా లేదేమో అనుకున్నాను. అట్లా అనుకోవడమే నయం అనిపించింది. మాధవి నా కళ్ళలోకి చూసింది. ఐదు నెలల్లో అదే మొదటిసారి. కదిలితే ఏమవుతుందోనని భయం. నువ్వు ఉన్నావనా... లేవనా? ఇప్పటికీ తెలియదు.

మాధవి పెద్ద డయల్ ఉన్న స్టీలు వాచీ చూపించింది. ఆవిడ దాన్ని తీయబోయి ఆగింది. తల కొద్దిగా వంచి నడిమి స్టూలు వైపు చెవి పెట్టింది. "సరేనండి" అని స్టీలు వాచీ లోపలే వదిలేసి, పై అరలోంచి నాలుగు రోజ్ గోల్డ్ వాచీలు తెచ్చి పరిచింది. నల్ల డయల్‌ది ఒకటి, రాళ్ళు పొదిగింది ఒకటి, తోలు పట్టీది ఒకటి. నాలుగోది సన్నగా, తెల్లని డయల్‌తో, అంకెలు లేకుండా గీతలతో ఉంది.

మాధవి వాటి మీదికి వంగి చూస్తోంది. ఆవిడ నవ్వింది.

"బల్ల మీద పెట్టి చూడొద్దంటున్నారమ్మా, మీ అమ్మగారు. చేతికి పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి చూసుకోమంటున్నారు."

జాకెట్ గుడ్డ తెచ్చిన ప్రతి మనిషికీ నువ్వు అదే చెప్పేదానివి కదా. మోచేతి మీద గుడ్డ పరిచి గడపలోకి, వెలుతురులోకి లాక్కెళ్ళేదానివి. ఆవిడకు ఎట్లా తెలుసు?

మాధవి నాలుగో వాచీ పెట్టుకుని షటర్ కింద ఎండలో చెయ్యి చాపింది. చామనఛాయ చేతి మీద అది మెరవలేదు... ఒదిగిపోయింది. నువ్వన్నది అప్పుడు అర్థమైంది. నేను చెప్పకముందే లోపలి నుంచి ఆవిడ అంది. "అదేనండి. అదే ఖాయం చేశారు అమ్మగారు."

మాధవి మెల్లగా తిరిగొచ్చింది.

"ఆంటీ... మా అమ్మ ఇంకేమన్నా అన్నదా?"

ఆవిడ గుడ్డతో అద్దం తుడుస్తూ మామూలుగానే చెప్పింది. "వాచీ గురించి కాదమ్మా. ఇందాకట్నించీ మీతో ఒకటే మాట అంటున్నారు కదా. 'మీ నాయిన తెల్వక కూసున్నడు బిడ్డా' అని. మీరు వినలేదా?"

అండీ అండీ అనే నోటి నుంచి ఆ ముక్క మాత్రం అచ్చం నీ నల్గొండ యాసలో వచ్చింది.

బిల్లు ఎట్లా కట్టానో, ఎట్లా బయటపడ్డానో గుర్తులేదు. అప్పటికి బస్సులు ఆగిపోయాయి. ఎల్బీనగర్ దాకా నడకే. చైతన్యపురి దాటాం. రోడ్డంతా ఖాళీ. కొత్తపేట దగ్గర గమనించాను. ఇద్దరి నడుమ ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నడుస్తున్నాం. అట్లా నడుద్దామని ఎవరూ అనుకోలేదు. దగ్గరికి జరుగుదామని చూశాను. కాళ్ళు రాలేదు. భయమేసి అడుగు పెంచాను.

వెనక నుంచి మాధవి పిలిచింది.

"నాయినా... జర మెల్లగ నడువు. అమ్మకు మోకాళ్ళు నొప్పి గదా."

నేను ఆగాను. తిరిగి చూడలేదు సుగుణా. చూడాల్సిందా? ఏడుస్తూనే మెల్లగా నడిచాను.

ఆ తర్వాతి సోమవారం మాధవి డ్యూటీలో చేరింది. వచ్చాక ఎయిర్‌పోర్టు కబుర్లన్నీ నాకు చెబుతోంది. ఆ షాపు ముందు నుంచి రోజూ డిపోకు పోతున్నాను గానీ లోపలికి పోలేదు. ఆవిడ నా పక్కకు చూస్తే ఎట్లా? చూడకపోతే... అది ఇంకెట్లా?

మొన్న చౌరస్తాలో మళ్ళీ రాస్తారోకో. నేనూ పోయాను. కూర్చోకుండా, ఆగిన బండ్ల వెంట చివరిదాకా నడిచాను. అన్నిటికన్నా వెనక ఒక ఆటో ఉంది. వెనక సీటు ఖాళీ. ఇంజన్ ఆపకుండా డ్రైవర్ చేతులు జోడించాడు.

"అన్నా, లోపట పేషెంట్ ఉన్నది. జర తోవ ఇప్పించున్రి."

సీటు వైపు రెండోసారి చూడలేదు. ముందు పరుగెత్తుతూ ఒక్కో బండినీ పక్కకు జరిపించాను. కూర్చున్నవాళ్ళను లేపాను. "ఖాళీ ఆటోకు ఏందే గిదంతా" అని ఒకరిద్దరు కోప్పడ్డారు. ఆటో మా మధ్య నుంచి దవాఖాన వైపు పోయింది. కనుమరుగయ్యేదాకా నిలబడ్డాను.

తెలంగాణ వచ్చేదాకా రోడ్డెక్కుతూనే ఉంటాను. నువ్వూ వద్దనవు. కానీ చివరి బండి దాకా నడిచి చూడకుండా ఇక ఎన్నడూ కూర్చోను. ఇది నా మాట.

నీ
యాదగిరి